పెద్ద డ్యాములతో పేద దేశాలకి నిజంగా పనికొచ్చే కరెంటు వస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అభివృద్ధి చెందుతున్న దేశాలు వేల కోట్లు అప్పు చేసి కట్టే జలవిద్యుత్ డ్యాములు నిజంగా జనానికి పనికొచ్చే కరెంటు ఇస్తున్నాయా, లేక నాయకులు రిబ్బన్ కత్తిరించి ఫోటోలు దిగడానికేనా, అదే డబ్బు సోలార్‌లో పెడితే సరిపోదా అని.

నేను హైడల్, అంటే జలవిద్యుత్ స్టేషన్లో షిఫ్టులు చేసి తర్వాత లోడ్ డిస్పాచ్ (ఏ స్టేషన్ ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే కంట్రోల్ రూమ్) వైపు వెళ్ళినవాణ్ణి, కాబట్టి డ్యాములంటే కొంచెం ప్రేమ ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి. కరెంటు అయితే వస్తుంది, అందులో డౌట్ లేదు, కొన్ని దేశాలు పూర్తిగా దాని మీదే బతుకుతున్నాయి. కాకపోతే అది వానలు లేని నెలల్లో వస్తుందా, సాయంత్రం ఏడింటికి అందరూ లైట్లేసినప్పుడు వస్తుందా, వచ్చి ఎవరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్తుంది అన్నది పేపర్లో వేసే మెగావాట్లు చూస్తే తెలీదు. డ్యామ్ మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్ళు రెండు వైపులా ఈ మూడూ వదిలేసే మాట్లాడతారు, అందుకే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

ముందు ఈ మెగావాట్ల గోల తేల్చేద్దాం. 5,000 మెగావాట్ల ప్రాజెక్టు అని హెడ్డింగ్ పడగానే చాలామంది రోజూ 24 గంటలూ 5,000 వస్తుందనుకుంటారు. బైక్ మీటరు మీద 160 అని రాసి ఉన్నంత మాత్రాన రోజూ ఆఫీసుకి 160లో పోతామా, ఇదీ అంతే, అన్ని టర్బైన్లూ ఫుల్ నీళ్ళతో ఫుల్ హెడ్‌తో (నీళ్ళు దిగే ఎత్తుని హెడ్ అంటారు) ఒకేసారి తిరిగితే వచ్చేది అది. చూడాల్సింది ఏడాదికి ఎన్ని యూనిట్లు అని. బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులో పరానా నది మీద ఇతైపు అని ఉంది, 14,000 మెగావాట్లు, 2016లో 10,310 కోట్ల యూనిట్లు ఇచ్చింది. చైనాలో త్రీ గోర్జెస్ 22,500 మెగావాట్లు, అది 2020లో రికార్డు కొట్టినప్పుడు వచ్చింది 11,180 కోట్ల యూనిట్లు. మెగావాట్లలో ఒకటిన్నర రెట్లు పైనే పెద్దది, యూనిట్లలో పదో వంతు కూడా ఎక్కువ లేదు. కారణం నదిలోనే ఉంది, పరానాకి పైన బ్రెజిల్లో డజన్ల కొద్దీ డ్యాములుండి నీళ్ళని సర్ది సర్ది కిందకి పంపుతాయి, యాంగ్జీ మాత్రం వానాకాలంలో ముంచెత్తి చలికాలంలో బాగా పడిపోతుంది. ఇథియోపియా 2025 సెప్టెంబర్లో ప్రారంభించిన గెర్డ్ డ్యామ్ 5,150 మెగావాట్లు, ఏడాదికి అంచనా 1,576 కోట్ల యూనిట్ల దాకా, లెక్కేస్తే సగటున 1,800 మెగావాట్లు, అంటే 35 శాతం. ఇందులో మోసమేమీ లేదు, వరద వచ్చిన నెలల్లో నీళ్ళు ఊరికే స్పిల్‌వే (మిగులు నీళ్ళు పొర్లిపోయే దారి) మీంచి పోకుండా పట్టుకోవాలన్నా, సాయంత్రం పీక్‌లో గట్టిగా తోలాలన్నా మెషీన్లు కొన్ని ఎక్కువ పెట్టుకుంటారు. మోసం ఎక్కడంటే ఆ పెద్ద నంబర్ చూపించి అప్పు తెచ్చి, జనానికి కూడా ఆ పెద్ద నంబరే చెప్పడంలో.

ఈ విషయంలో నాకు బ్రెజిల్లోని బెలో మోంటే ఎప్పుడూ గుర్తొస్తుంది. 11,233 మెగావాట్లు అని పేరు, ఏడాది సగటు అంచనా 4,571, ఎండిన నెలల్లో పదో వంతు కూడా రాని రోజులుంటాయి. అడవి, ఆదివాసీ భూములు మునుగుతాయని గొడవ జరిగి రిజర్వాయర్ బాగా చిన్నది చేశారు. ముంపు తగ్గింది, మంచిదే, కానీ నీళ్ళు దాచుకునే జాగా కూడా దాంతోనే పోయింది, మెషీన్లు మాత్రం పాత సైజులోనే మిగిలాయి. నీళ్ళు దాచుకోవాలంటే నేల మునగాలి, నేల మునగకూడదంటే నది ఎంత ఇస్తే అంతే తీసుకోవాలి, ఈ రెండింటి మధ్య మూడో దారి ఏ కన్సల్టెంటూ కనిపెట్టలేదు.

నీళ్ళు ఎంత పడతాయో ఒక అంచనా ఇస్తా, ఇది తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది. ఒక క్యూబిక్ మీటరు నీళ్ళు, అంటే ఒక టన్ను, 100 మీటర్ల ఎత్తు నుంచి దిగి టర్బైన్ తిప్పితే, నష్టాలు పోను వచ్చేది పావు యూనిట్. వెయ్యి వాట్ల హీటర్ గంటసేపు పెట్టుకోవడానికి నాలుగు టన్నుల నీళ్ళు 100 మీటర్లు దిగాలన్నమాట. అదే ఎత్తు 50 మీటర్లయితే ఎనిమిది టన్నులు. అందుకే కరువులో రిజర్వాయర్ దిగుతుంటే దెబ్బ రెండు రకాలుగా పడుతుంది, ఉన్న నీళ్ళూ తక్కువే, హెడ్ తగ్గింది కాబట్టి యూనిట్‌కి ఖర్చయ్యే నీళ్ళూ ఎక్కువే, పైగా సరిగ్గా అప్పుడే బోర్లూ పంపులూ ఎక్కువ తిరిగి డిమాండ్ పెరుగుతుంది.

దీనికి కరీబా కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. జాంబేజీ నది మీద జాంబియా, జింబాబ్వే మధ్య 1959లో కట్టారు, మనిషి కట్టిన జలాశయాల్లో నిల్వ లెక్కన ప్రపంచంలోనే పెద్దది, సుమారు 180 క్యూబిక్ కిలోమీటర్లు, మన లెక్కలో 6,300 పైచిలుకు టీఎంసీలు. ఇంత నీళ్ళుంటే ఎన్ని కరువులైనా తట్టుకుంటుందనిపిస్తుంది కదా. కానీ కరెంటుకి పనికొచ్చేది 475.5 మీటర్ల లెవెల్‌కీ 488.5 మీటర్ల లెవెల్‌కీ మధ్య ఉన్న 13 మీటర్ల పొర మాత్రమే, అది 65 క్యూబిక్ కిలోమీటర్లు. దానికింద ఎంత నీళ్ళున్నా పవర్‌హౌస్‌కి లేనట్టే. ఎందుకు లేనట్టే అంటే, నీళ్ళు లోపలికి తీసుకునే ఇన్‌టేక్ నోటి మీద నీళ్ళ మందం తగ్గితే పైన సుడి తిరగడం మొదలవుతుంది, ఆ సుడి గాలిని పెన్‌స్టాక్‌లోకి, అంటే టర్బైన్‌కి నీళ్ళు తెచ్చే పెద్ద పైపులోకి లాగుతుంది, కింద మెషీన్ దగ్గర నిలబడితే లోపల రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంది, షాఫ్ట్ వైబ్రేషన్ మీటర్ ముల్లు నిలబడదు, ఆ పరిస్థితిలో కాసేపు నడిపినా రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) బ్లేడ్లు గుంటలు పడిపోతాయి. అందుకే మినిమం లెవెల్ అని గీత గీస్తారు, ఎంత ఒత్తిడి వచ్చినా ఆ గీత దాటి కిందకి పోకూడదు.

2022 చివర్లో కరీబాలో ఆ వాడుకునే పొరలో 5 శాతం కంటే తక్కువ మిగిలింది, నది అథారిటీ వాళ్ళు జింబాబ్వే వైపు పవర్‌హౌస్‌ని నీటి కోటా అయిపోయింది ఆపేయమన్నారు. 2024లో ఎల్‌నినో కరువుకి జాంబియాలో రోజుకి 17 గంటలు, కొన్నాళ్ళు 21 గంటల దాకా కోతలు. ఇక్కడ తప్పు డ్యామ్‌ది అనలేం, డ్యామ్ అరవై ఏళ్ళకి పైగా చవగ్గా కరెంటు ఇచ్చింది, రాగి గనులు దాని మీదే నడిచాయి. తప్పు ఏంటంటే దేశం మొత్తం కెపాసిటీలో దాదాపు 85 శాతం నీళ్ళ మీదే పెట్టుకోవడం, అదీ జాంబేజీ, దాని ఉపనది కఫ్యూ అనే ఒకే పరీవాహకం మీద. ఒకదాంట్లో కరువొస్తే ఇంకోదాంట్లో కూడా అదే ఏడాది వస్తుంది. కొత్త డ్యామ్ కట్టినా, కఫ్యూ మీద 750 మెగావాట్లది కట్టారు కూడా, అదీ అదే వాన కోసం చూస్తుంది. మామూలు ఏడాదిలో అది బాగానే ఇస్తుంది, కరువు ఏడాదికి మాత్రం ఇన్సూరెన్స్ కాదు.

బ్రెజిల్ లాంటి పెద్ద దేశానికే 2001లో ఈ దెబ్బ తగిలింది, అప్పటికి వాళ్ళ కరెంటులో అత్యధిక భాగం హైడ్రోనే, జనం 20 శాతం వాడకం తగ్గించుకోవాలని రూల్ పెట్టి జూన్ నుంచి తర్వాతి ఫిబ్రవరి దాకా నడిపించారు. కెన్యా మాత్రం 1999, 2000 కరువుల్లో రేషనింగ్ చూశాక తెలివిగా భూమిలోపలి ఆవిరి వైపు, అంటే ఒల్కారియా జియోథర్మల్ వైపు తిరిగింది, ఇప్పుడు వాళ్ళ కరెంటులో 40 శాతం పైన అదే. పాత డ్యాములు మూసేయలేదు, వాటి మీద బరువు తగ్గించారు, అదే సరైన పద్ధతని నేననుకుంటా.

ఇంకో రకం ఉంది, రిజర్వాయర్ పెద్దగా లేకుండా నది ప్రవాహాన్నే సొరంగంలోకి మళ్ళించి కిందకి దించేవి, రన్ ఆఫ్ ది రివర్ అంటారు. హిమాలయాల్లో ఎక్కువగా ఇవే. భూటాన్ వీటి మీద బాగుపడింది, చుఖా 336 మెగావాట్లు భారత్ 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు ఇచ్చి కట్టించింది, తర్వాత తాలా 1,020 మెగావాట్లు, మాంగ్‌దేచ్చు 720 మెగావాట్లు, ఎండాకాలం వానాకాలం మిగులంతా భారత్‌కి అమ్మి ఆ డబ్బుతో స్కూళ్ళూ రోడ్లూ నడుపుకున్నారు. చిన్న దేశం, జనాభా ఎనిమిది లక్షల లోపు, పక్కనే ఎంతైనా కొనే పెద్ద గ్రిడ్, ఈ మూడూ కలిసొచ్చాయి. అయినా చలికాలంలో పైన మంచు గడ్డకట్టి నదులు సన్నబడితే వాళ్ళే భారత్ నుంచి కొనుక్కుంటారు. నేపాల్‌కి కూడా అదే జబ్బు ఇంకా ముదిరి ఉండేది, నదులు నిండుగా ఉన్న దేశంలో ఒకప్పుడు ఎండు నెలల్లో రోజుకి 16 గంటల కోత, ఎందుకంటే స్టేషన్లన్నీ వానాకాలంలో ఫుల్, చలికాలంలో మూడో వంతు. అక్కడ కులేఖాని అని ఒక చిన్న స్టోరేజ్ ప్రాజెక్టు, మొదటి పవర్‌హౌస్ 60 మెగావాట్లే, దశాబ్దాల పాటు దేశంలో చెప్పుకోదగ్గ స్టోరేజ్ అదొక్కటే, దానికంటే పెద్ద స్టేషన్లు ఎన్నున్నా సాయంత్రం పూట లోడ్ డిస్పాచ్ వాళ్ళు ముందు చూసేది దాని లెవెలే. నేను చెప్పేది ఇదే, 60 మెగావాట్లు అవసరమైనప్పుడు వస్తే వాననెలల్లో అక్కర్లేకుండా వచ్చే 300 కంటే విలువైనవి. ఇప్పుడు నేపాల్ పరిస్థితి మారింది, 2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి వచ్చింది, భారత్‌తో లైన్లు బలపడ్డాయి, వానాకాలంలో అమ్ముతారు, చలికాలంలో కొంటారు. డ్యాముల కంటే ఆ లైన్ల పని ఎక్కువ అని నా అభిప్రాయం.

బురద సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఎల్లో రివర్ మీద సాన్‌మెన్షియా అని 1960లో నీళ్ళు నింపారు, ప్లాన్ 1,160 మెగావాట్లు, రెండేళ్ళలోనే బురద ఎంత మేట వేసిందంటే పై ఊళ్ళు మునిగే పరిస్థితి, డ్యామ్ అడుగున కొత్తగా కంతలు కొట్టి బురద వదిలే ఏర్పాటు చేసి చివరికి 250 మెగావాట్ల మెషీన్లతో సరిపెట్టుకున్నారు. పాకిస్తాన్‌లో సింధు నది మీద టార్బెలా 1976 నుంచి నడుస్తోంది, నిల్వలో 40 శాతం దాకా మట్టికే పోయింది. కానీ టార్బెలా దండగ అంటే నేనొప్పుకోను, ఇన్నేళ్ళూ పొలాలకి నీళ్ళిచ్చింది, కరెంటిచ్చింది, తర్వాత ఉన్న డ్యామ్‌కే నాలుగో ఎక్స్‌టెన్షన్ అని ఇంకో 1,410 మెగావాట్లు కలిపారు. మట్టి రాకుండా చెయ్యలేం, డిజైన్లోనే దాన్ని తోసేసే లో లెవెల్ గేట్లు పెట్టుకోవాలి, వరద మొదట్లో కొన్నాళ్ళు ఉత్పత్తి వదులుకుని అయినా ఫ్లష్ చెయ్యాలి, ఆ కొన్నాళ్ళు వదులుకోవడానికి ఏ మేనేజ్‌మెంటూ ఒప్పుకోదు, అదీ గొడవ.

హిమాలయ నదుల్లో మట్టి కంటే ఇసుక ప్రమాదం. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, ఉక్కు కంటే గట్టిది, వందల మీటర్ల ఎత్తు నుంచి వచ్చే నీళ్ళల్లో అది కలిసి బ్లేడ్ అంచుల్ని కోసేస్తుంది. సీజన్ అయ్యాక రన్నర్ బయటికి తీస్తే కొత్తప్పుడు వేలి మందం ఉన్న అంచు కత్తిలా పల్చబడి అక్కడక్కడా చిరిగి ఉంటుంది, టర్బైన్‌లోకి నీళ్ళు వదిలే రెక్కలు, అంటే గైడ్ వేన్లు మూసినా సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతాయి, దాంతో మెషీన్ పూర్తిగా ఆగదు, బ్రేకులు అరిగిపోతాయి. సట్లెజ్ మీద 1,500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రిలో నీళ్ళల్లో సిల్ట్ (సన్న మట్టి, ఇసుక) 5,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 5,000 దాటితే స్టేషన్ మొత్తం ఆపేస్తారు, నది నిండుగా పారుతున్న రోజున. బయటివాళ్ళకి ఇది పిచ్చిగా అనిపిస్తుంది కానీ ఆ ఒక్కరోజు ఆశపడితే నెలల తరబడి రిపేరు. డబ్బున్న దేశమైతే స్పేర్ రన్నర్లు పెట్టుకుని టంగ్‌స్టన్ కార్బైడ్ కోటింగ్ వేసుకుంటూ తిప్పుతుంది. డబ్బు లేని దేశంలో స్పేర్ రాదు, ఆరు మెషీన్లలో రెండు ఆగిపోతాయి, వాటి పార్టులు పీకి మిగతా నాలుగూ నడుపుతారు, ఇంకొన్నేళ్ళకి రెండే మిగుల్తాయి.

అచ్చంగా అలాగే అయింది డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలోని ఇంగాలో. కాంగో నది, సగటున సెకనుకి 40,000 క్యూబిక్ మీటర్ల ప్రవాహం, భూమధ్యరేఖకి రెండు వైపులా పరీవాహకం ఉండటంతో ఒకవైపు వానలు లేనప్పుడు ఇంకోవైపు ఉంటాయి, ఏడాదంతా పారుతుంది, హైడల్‌కి ఇంతకంటే మంచి చోటు భూమ్మీద ఉందా అనిపించేలాంటి చోటు. అక్కడ 1972లో ఇంగా 1, 351 మెగావాట్లు, 1982లో ఇంగా 2, 1,424 మెగావాట్లు. మెయింటెనెన్స్ లేక చాలా ఏళ్ళు సగం కెపాసిటీ కూడా పలకలేదు. నది తక్కువ కాలేదు, స్పేర్ పార్టులూ జీతాలూ తక్కువయ్యాయి. పైగా అక్కణ్ణించి 1,700 కిలోమీటర్ల డీసీ (డైరెక్ట్ కరెంట్) లైన్ వేసి కరెంటు నేరుగా కటంగాలో రాగి గనుల దగ్గర కొల్వేజికి తీసుకెళ్ళారు. డీసీ లైన్‌కి మధ్యలో ఎక్కడపడితే అక్కడ ట్యాప్ కొట్టలేం, కొట్టాలంటే ఒక్కోచోట డీసీని ఇళ్ళల్లో వాడే ఏసీగా మార్చే పెద్ద కన్వర్టర్ స్టేషన్ కావాలి, అది మామూలు ఖర్చు కాదు. దాంతో ఊళ్ళ మీంచి 500 కిలోవోల్టుల తీగ పోతుంది, కింద ఇళ్ళల్లో దీపాలు. ఇప్పటికీ ఆ దేశంలో అయిదుగురిలో ఒకరికే కరెంటు ఉంది. అయినా అక్కడే 40,000 మెగావాట్ల గ్రాండ్ ఇంగా కడతామని దశాబ్దాలుగా మాటలు నడుస్తున్నాయి, నన్నడిగితే ముందు ఉన్న రెండు స్టేషన్లు ఫుల్‌గా తిప్పి, పక్క ఊళ్ళకి 33 కేవీ (కిలోవోల్టుల) లైన్లు లాగి, అప్పుడు మాట్లాడండి అంటా.

కరెంటు ఎవరికి వెళ్తుందన్న విషయంలో ఘనా కథ అందరూ చెప్తారు కానీ సగమే చెప్తారు. వోల్టా నది మీద అకోసోంబో 1965లో పూర్తయింది, 1966 జనవరిలో అప్పటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రారంభించారు, నెల తిరిగేసరికి ఆయన్ని సైన్యం దించేసింది. చెరువు 8,500 చదరపు కిలోమీటర్లు, దేశంలో 3.6 శాతం నేల, సుమారు 80,000 మంది ఊళ్ళు వదిలిపోయారు. డ్యామ్‌కి అప్పు పుట్టాలంటే పెద్ద కస్టమర్ కావాలి, అమెరికా అల్యూమినియం కంపెనీలు స్మెల్టర్ (అల్యూమినియం తీసే ఫ్యాక్టరీ) పెట్టాయి, చాలా ఏళ్ళు కరెంటులో సింహభాగం వాళ్ళే తక్కువ రేటుకి లాగారు, ముడిసరుకు అల్యూమినా కూడా బయటి దేశాల నుంచే తెచ్చుకున్నారు, ఆ అల్యూమినా తీసే బాక్సైట్ ఖనిజం ఘనాలోనే ఉండగా. ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పనిది ఏంటంటే ఆ కస్టమర్ లేకపోతే అప్పుడు డ్యామే లేదు, తర్వాత స్మెల్టర్ తగ్గిపోయాక ఆ కరెంటు దేశానికే మిగిలింది, 1,020 మెగావాట్లకి పెంచారు, టోగో, బెనిన్‌లకి కూడా అమ్మారు. ఇప్పుడు ఆఫ్రికాలో ఎక్కువమంది ఇళ్ళకి కరెంటున్న దేశాల్లో ఘనా ఒకటి, అయితే మొత్తం కరెంటులో ఎక్కువ భాగం గ్యాస్, హైడ్రో సుమారు మూడో వంతు. అంటే డ్యామ్ పునాది వేసింది, ఇల్లు మిగతావాటితో లేచింది. మొదటి తరం మాత్రం తక్కువ రేటుకి అమ్ముకుని నష్టపోయింది, ఇళ్ళూ పొలాలూ మునిగినవాళ్ళకి ఎవరూ సరిగ్గా పరిహారం ఇవ్వలేదు. కరీబాలో కూడా 57,000 మంది టోంగా జనాన్ని గట్టు పైకి తరిమారు, కళ్ళ ముందే పవర్‌హౌస్ పెట్టుకుని వాళ్ళ ఊళ్ళు చాలావాటికి దశాబ్దాల పాటు కరెంటు రాలేదు. ఇది ఇంజనీరింగ్ సమస్య కాదు, ఒక సబ్‌స్టేషన్, కొన్ని కిలోమీటర్ల లైను, డ్యామ్ ఖర్చుతో పోలిస్తే చిల్లర, ఎవరూ కాంట్రాక్టులో రాయలేదు అంతే.

ఎగుమతి కోసమే కట్టేవి ఇంకో లెక్క. లావోస్‌లో నామ్ థెయున్ 2, 1,070 మెగావాట్లు, 2010లో మొదలైంది, అందులో 995 మెగావాట్లు థాయ్‌లాండ్‌కే. లావోస్‌కి వచ్చేది ప్రధానంగా డబ్బు. ఆ డబ్బు ఖజానాలో సరిగ్గా పడి సరిగ్గా ఖర్చయితే అదీ ఉపయోగమే, కాకపోతే దాన్ని విద్యుదీకరణ అని పిలవకండి. పరాగ్వే ఇతైపులో సగం ఓనర్, దానికి అంత అక్కర్లేదు, 1973 ఒప్పందం ప్రకారం మిగులంతా బ్రెజిల్‌కే ఇవ్వాలి, ఆ రేటు మీద రెండు దేశాలకీ ఇప్పటికీ పేచీ. కానీ ఆ ఇతైపు అప్పు 2023 ఫిబ్రవరితో తీరిపోయింది, ఇక అక్కడ ఇంధనం ఖర్చు లేదు, అప్పు లేదు, మెయింటెనెన్స్, రాయల్టీలే. డ్యామ్ ఎకనామిక్స్ అంతా ఇదే, మొదటి ఇరవై ముప్ఫై ఏళ్ళు అప్పు పీక్కుతింటుంది, తర్వాత ఇంకో యాభై ఏళ్ళు దాదాపు ఉచితం. నైలు మీద ఉగాండాలో ఓవెన్ ఫాల్స్ స్టేషన్ 1954ది, ఇంకా తిరుగుతోంది.

ఆ మొదటి ముప్ఫై ఏళ్ళు దాటడమే కష్టం. 2014లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 245 పెద్ద డ్యాముల లెక్కలు తీశారు, సగటున ఖర్చు అంచనాకి 96 శాతం ఎక్కువ, అంటే దాదాపు డబుల్, అదీ ద్రవ్యోల్బణం, వడ్డీ కలపకుండా. టైమ్ 44 శాతం ఎక్కువ. ఎందుకంటే కొండ లోపల ఏముందో తవ్వితే కానీ తెలీదు, భూటాన్‌లో పునత్సాంగ్‌చ్చు 1 పని 2008లో మొదలుపెడితే 2013లో కుడిగట్టు కొండచరియ జారి డ్యామ్ పని ఏళ్ళ తరబడి ఆగింది. ఈక్వెడార్‌లో కోకా కోడో సింక్లైర్, 1,500 మెగావాట్లు, 2016లో ప్రారంభించారు, టర్బైన్లకి నీళ్ళు పంచే స్టీలు పైపుల్లో వేల కొద్దీ బీటలు బయటపడ్డాయి, 2020లో కింద ఉన్న జలపాతం కూలిపోయి నది వెనక్కి కోసుకుంటూ ఇన్‌టేక్ వైపు వస్తోంది, 2024 కరువులో దేశమంతా రోజుకి 14 గంటల దాకా కోతలు చూసింది. అప్పు డాలర్లలో, బిల్లులు సొంత కరెన్సీలో వసూలు, కరెన్సీ పడితే డ్యామ్ ఎంత బాగా తిరిగినా విద్యుత్ బోర్డు మునుగుతుంది. ఇది థర్మల్‌కీ సోలార్‌కీ కూడా ఉంటుంది కానీ డ్యామ్‌కి డబ్బు అంతా ముందే పెట్టాలి, మొదటి యూనిట్ రావడానికి పదేళ్ళు, అప్పటిదాకా వడ్డీ మీద వడ్డీ.

ఇక సోలార్ సంగతి. కొన్ని డ్యాముల విషయంలో మీరన్నది పూర్తిగా కరెక్ట్. అమెజాన్‌లో బాల్బినా అని 250 మెగావాట్ల కోసం 2,360 చదరపు కిలోమీటర్ల అడవి ముంచారు, చెట్లు కుళ్ళి భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ వచ్చింది, అదే 250 మెగావాట్ల సోలార్‌కి అయిదారు చదరపు కిలోమీటర్లు చాలు, సోలార్ తక్కువ గంటలే ఇస్తుంది కదా అని మూడు నాలుగు రెట్లు పెట్టుకున్నా పాతిక దాటదు. అలాంటి డ్యామ్ ఇప్పుడు ఎవరైనా కడతామంటే నేను కూడా వద్దనే అంటా.

కానీ గ్రిడ్ నడిపినవాడిగా హైడల్‌ని ఎందుకు వదులుకోనో చెప్తా. సాయంత్రం ఆరున్నర అనుకోండి, సోలార్ దిగిపోతోంది, ఊళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయి, 50 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.9 దగ్గర వణుకుతోంది. బొగ్గు స్టేషన్‌ని లేపాలంటే గంటలు, చల్లబడి ఉంటే ఇంకా ఎక్కువ. హైడల్‌కి ఫోన్ చేస్తే షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు గైడ్ వేన్లు తెరుస్తారు, మెషీన్ స్పీడ్ అందుకుంటుంది, సింక్రోస్కోప్ (మెషీన్ గ్రిడ్‌తో కలిసిందో లేదో చూపే మీటరు) ముల్లు నెమ్మదిగా తిరుగుతూ పన్నెండు దగ్గరికి వచ్చేటప్పుడు బ్రేకర్ వేస్తారు, ఐదు నిమిషాల్లో వంద మెగావాట్లు గ్రిడ్‌లో ఉంటాయి. ఎక్కడైనా లైను ట్రిప్ అయితే మెషీన్ స్పీడ్ చూసుకునే గవర్నర్ పరికరం తనంతట తనే ఇంకాస్త తెరుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. మొత్తం గ్రిడ్ కుప్పకూలితే మళ్ళీ లేపడానికి ముందు లేచేది కూడా ఇదే, గేటు తెరవడానికి ఒక చిన్న డీజిల్ సెట్టో బ్యాటరీయో ఉంటే చాలు, బొగ్గు స్టేషన్‌కి మాత్రం తన పంపులూ ఫ్యాన్లూ తిరగాలంటేనే బయటి నుంచి బోలెడు కరెంటు కావాలి. బ్యాటరీలు ఇప్పుడు ఈ పనుల్లో కొన్ని బాగానే చేస్తున్నాయి, చవగ్గా కూడా అవుతున్నాయి, నాలుగు గంటల పీక్‌కి బ్యాటరీ చాలు. నాలుగు నెలలు వానలు లేకపోతే బ్యాటరీ చాలదు, దానికి రిజర్వాయర్ కావాలి.

కాబట్టి ఈ రెండిటికీ పోటీ పెట్టడమే నాకు వింతగా ఉంటుంది. చైనాలో లాంగ్‌యాంగ్‌షియా అని 1,280 మెగావాట్ల డ్యామ్, దానికి 850 మెగావాట్ల సోలార్ కట్టేసి రెండూ ఒకే స్టేషన్ లాగా నడుపుతున్నారు. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్ళు ఆపుతారు, మబ్బు పడితే టర్బైన్ అందుకుంటుంది. పగలు ఆపిన నీళ్ళు సాయంత్రానికి మిగులు. ఇప్పటికే డ్యామ్ ఉన్న పేద దేశానికి ఇంతకంటే చవకైన ప్లాన్ లేదు, లైను ఉంది, స్విచ్‌యార్డ్ ఉంది, ఊళ్ళు ఎప్పుడో మునిగిపోయాయి కాబట్టి కొత్తగా ముంచక్కర్లేదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే సాగునీటి డ్యామ్ అయితే నీళ్ళు కరెంటు వాళ్ళ చేతిలో ఉండవు, కాలవకి ఎప్పుడు వదిలితే అప్పుడే టర్బైన్ తిరుగుతుంది, ఇరిగేషన్ వాళ్ళకీ జెన్కో వాళ్ళకీ లెవెల్స్ మీద కొట్లాట ప్రపంచంలో ప్రతి బేసిన్‌లోనూ ఉంది. కింద చిన్న బ్యాలెన్సింగ్ చెరువు ఉంటే ఆ కొట్లాట సగం తగ్గుతుంది, సాయంత్రం వదిలింది అందులో ఆగి కాలవకి నెమ్మదిగా పోతుంది.

ఎవరైనా కొత్త ప్రాజెక్టు చూపించి ఇది మంచిదా అంటే నేను ముందు వెతికేది కెపాసిటీ పేజీ కాదు, ప్రాజెక్టు రిపోర్టులో నెలవారీ టేబుల్ ఉంటుంది, 90 శాతం డిపెండబుల్ ఇయర్ అని, అంటే పదేళ్ళలో తొమ్మిదేళ్ళు కనీసం ఇంత వస్తుంది అనే ఏడాది లెక్క. అందులో అన్నిటికంటే ఎండిన నెల లైను చూడండి. ఆ నెలలో వచ్చే యూనిట్లని ఆ దేశం అదే నెల డిమాండ్ పక్కన పెట్టండి. తర్వాత ఆ నది లెక్కలు ఏ సంవత్సరాల నుంచి తీసుకున్నారో చూడండి, ఇరవై ఏళ్ళ రికార్డు మాత్రమే ఉండి అందులో పెద్ద కరువు ఒక్కటీ పడకపోతే ఆ టేబుల్‌కి విలువ లేదు. సిల్ట్ చాప్టర్ ఉందో లేదో, ఉంటే అందులో ఫ్లషింగ్ గేట్లకి డ్రాయింగ్ ఉందో లేక వట్టి మాటలేనో. చివరిగా ట్రాన్స్‌మిషన్ మ్యాప్, అందులో లైను గనికో సరిహద్దుకో సూటిగా పోయి ఆగిపోతుందా, లేక దారిలో 132 కేవీ, 33 కేవీ సబ్‌స్టేషన్లు గీశారా, వాటికి డబ్బు ఇదే అప్పులో ఉందా లేక "ఫేజ్ 2" అని రాశారా. ఫేజ్ 2 అని ఉంటే అది రావడానికి ఇంకో తరం పడుతుంది.

మీరు ఫలానా ప్రాజెక్టు దృష్టిలో పెట్టుకుని అడిగి ఉంటే ఆ నెలవారీ టేబుల్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా. ఆ టేబుల్ బయట పెట్టడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే మాత్రం చూడక్కర్లేదు, జవాబు వచ్చేసినట్టే.